ఉలవల లెక్టిన్‌తో ఎర్రకణం మీది చక్కెరను గుర్తుపట్టడం ఎలా

చక్కెర గొలుసు కొసన సియాలిక్ ఆమ్లం అనే చక్కెర ఊడిపోయి, దాని కింది గెలాక్టోజ్ అనే చక్కెర బయటపడ్డ ప్రొటీన్లను కాలేయ కణాలు నెత్తురులోంచి ఏరి లోపలికి లాక్కుంటాయి. ఫ్లూ వైరస్ మన శ్వాసనాళపు కణాన్ని అంటిపెట్టుకునేది దాని మీదున్న సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకుని. రెండు చోట్లా జరిగేది ఒకటే. ఒక ప్రొటీన్ గుంటలోకి ఒక చక్కెర వచ్చి కూర్చుంటుంది. ఇది పుస్తకంలో బొమ్మగా చూసినప్పుడు అర్థమైనట్టే ఉంటుంది గానీ, ఏ చక్కెరను ఎందుకు పట్టుకుంటుంది, ఎంత గట్టిగా పట్టుకుంటుంది అని అడిగితే చాలామంది తడబడతారు. కాలేయ కణాలు పెంచి చూసే వసతి విశాఖలో అన్ని కాలేజీలకూ లేదు. చక్కెరను పట్టుకునే ప్రొటీన్, అంటే లెక్టిన్, ఉండే ఉలవలు మాత్రం పూర్ణా మార్కెట్లో ఏ కొట్లో అడిగినా దొరుకుతాయి. అవి, ఒక సెంట్రిఫ్యూజ్, ఒక యు-అడుగు మైక్రోటైటర్ ప్లేటు (గుండ్రటి అడుగున్న చిన్న చిన్న గుంటల ప్లేటు), ఎ, బి, ఓ గ్రూపుల రక్తం 1 మి.లీ. చొప్పున ఉంటే రెండు రోజుల్లో ఆ ప్రశ్నలకు మీ చేత్తోనే జవాబు తీయొచ్చు.

ఒక్క మార్పు గుర్తుంచుకోండి. కాలేయంలో రిసెప్టర్, అంటే పట్టుకునే ప్రొటీన్, కణం మీద ఉంటుంది, చక్కెర తేలుతూ వస్తుంది. ఇక్కడ చక్కెర కణం మీద ఉంటుంది, పట్టుకునే ప్రొటీన్ నీళ్లలో ఉంటుంది. రసాయనం మారదు. పైగా ఉలవల లెక్టిన్‌కు ఒకటి కంటే ఎక్కువ గుంటలున్నాయి కాబట్టి ఒక కణాన్ని ఇటు, ఇంకో కణాన్ని అటు పట్టుకుని గుత్తులు కడుతుంది. ఆ గుత్తి కంటికి కనిపిస్తుంది. సూక్ష్మదర్శిని కూడా అక్కర్లేదు.

పట్టుకునేది దేన్ని

ఎ గ్రూపు ఎర్రకణం మీది చక్కెర గొలుసు కొసన ఎన్-అసిటైల్ గెలాక్టోసమైన్ ఉంటుంది. బి గ్రూపులో అదే చోట గెలాక్టోజ్ ఉంటుంది. ఓ గ్రూపులో ఆ కొస చక్కెరే ఉండదు, ఫ్యూకోజ్‌తో ఆగిపోయిన హెచ్ నిర్మాణం మిగులుతుంది. ఎ, బి చక్కెరల మధ్య తేడా రెండో కార్బన్ దగ్గర మాత్రమే. బి లో అక్కడ హైడ్రాక్సిల్, ఎ లో ఎసిటమైడో గుంపు. ఇంత చిన్న తేడాను ఉలవల గింజలోని ప్రొటీన్ కనిపెట్టగలదని 1951లో జి.డబ్ల్యు.జి. బర్డ్ కరెంట్ సైన్స్ పత్రికలో చూపించారు. బ్లడ్ బ్యాంకుల్లో ఎ1 ఉపగ్రూపు (ఎ గ్రూపులో ఎ చక్కెరలు ఎక్కువగా ఉండే రకం, తక్కువగా ఉండేది ఎ2) తేల్చడానికి వాడే యాంటీ-ఎ1 లెక్టిన్ ఇప్పటికీ ఈ ఉలవల నుంచి వచ్చేదే.

గుంట లోపల చక్కెర ఎలా కూర్చుంటుందో కాస్త ఆగి చూడాలి. చిక్కుడు జాతి లెక్టిన్లలో ఒక ఆస్పార్టిక్ ఆమ్లం, ఒక ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాలు చక్కెర హైడ్రాక్సిళ్లతో హైడ్రోజన్ బంధాలు కడతాయి. ఆ రెండూ సరైన దిక్కుకు తిరిగి నిలబడేలా పక్కన బిగుసుకున్న కాల్షియం అయాన్ చూసుకుంటుంది. చక్కెర అంటే అన్ని వైపులా నీటిని ఇష్టపడేదని అనుకుంటాం గానీ, గెలాక్టోజ్ రకం చక్కెరలకు ఒక ముఖం మీద హైడ్రోజన్లు మాత్రమే ఉంటాయి. ఈ జాతి లెక్టిన్లు చాలావాటిలో ఆ ముఖం ఫినైల్ అలనిన్ లాంటి ఆరోమాటిక్ వలయం మీద పరుచుకుంటుంది. నాలుగో కార్బన్ మీది హైడ్రాక్సిల్ గెలాక్టోజ్‌లో నిలువుగా, గ్లూకోజ్‌లో పక్కకు ఉంటుంది. అందుకే మీరు రేపు గ్లూకోజ్ ఎంత పోసినా ఈ గుంట దాన్ని లెక్కచేయదు.

గింజలు, రక్తం, సెలైన్

ఉలవలు కొత్తవి, పచ్చివి కావాలి. వేయించినవి పనికిరావు, మొలకెత్తించినవీ వద్దు. తెల్లవైనా ఎర్రవైనా నల్లవైనా ఫర్వాలేదు, కానీ ఒకే సంచిలోవి తీసుకోండి. మరీ ముఖ్యంగా, ఇంకో గింజతో ప్రయత్నిద్దామని ఆముదం గింజలు గానీ గురివింద గింజలు గానీ ఎప్పుడూ రుబ్బకండి. వాటిలోనూ గెలాక్టోజ్‌ను పట్టుకునే ప్రొటీన్లే ఉన్నాయి, కానీ అవి రైసిన్, అబ్రిన్ అనే విషాలు. మిక్సీ జార్ నుంచి లేచిన దుమ్ము పీల్చినా ప్రాణం మీదకు వస్తుంది.

రక్తం విషయంలో దొంగదారులు వద్దు. గ్రూపు తెలిసిన దాత అంగీకారంతో, శిక్షణ ఉన్నవాళ్ల చేత, ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ఉన్న ట్యూబులోకి 1 మి.లీ. తీయించండి. లేదా కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితంతో బ్లడ్ బ్యాంకును అడగండి. ఎ1, బి, ఓ మూడూ కావాలి. ఎ2 దొరికితే అదృష్టం. తొడుగులు తప్పనిసరి. సూదులు చీలని తెల్ల డబ్బాలోకి, రక్తం తగిలిన ప్లాస్టిక్ ఎర్ర సంచిలోకి. మిగిలిన కణాల ద్రవాన్ని 1 శాతం హైపోక్లోరైట్‌లో అరగంట ఉంచాకే పారబోయాలి.

సెలైన్ మందుల షాపులో దొరికే 0.9 శాతం సీసా చాలు. అది కొంచెం ఆమ్లంగా ఉంటుంది కాబట్టి 10 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్‌తో పీహెచ్ 7.4కు సరిచేసుకుంటే ఇంకా మంచిది. ఫాస్ఫేట్ బఫర్‌ను నేనైతే వాడను. కాల్షియంతో కలిసి తెల్లగా దిగి అనవసరపు అనుమానాలు పుట్టిస్తుంది.

సారం తీయడం

20 గ్రాముల ఉలవలను మిక్సీలో బద్దలయ్యేదాకా ఒకసారి తిప్పి, చేటలో పొట్టు చెరిగేయండి. ఈ పని విసుగనిపించి చాలామంది వదిలేస్తారు. ఉలవ పొట్టులో టానిన్లు బాగా ఉంటాయి. టానిన్ ఏ గ్రూపు కణాన్నయినా చక్కెరతో పనిలేకుండా అతికించేస్తుంది. తర్వాత ఓ గ్రూపు కణాలు కూడా గుత్తి కట్టినప్పుడు తల పట్టుకోవడం కంటే ఇప్పుడు చెరగడం తేలిక.

పప్పును 10 సెకన్ల చొప్పున ఆపి ఆపి సన్న రవ్వలా పొడి చేయండి. జార్ వేడెక్కితే ప్రొటీన్ చెడుతుంది. 10 గ్రాముల పొడికి 50 మి.లీ. చల్లటి సెలైన్ పోసి, మూత పెట్టి, అప్పుడప్పుడూ నెమ్మదిగా కలుపుతూ 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. గది ఉష్ణోగ్రతలో 4 గంటలైనా సరిపోతుందని పాత పద్ధతుల్లో ఉంటుంది, అది చల్లటి ఊళ్ల లెక్క. విశాఖలో మే నెల ఉక్కలో బల్ల మీద ఉంచితే తెల్లారేసరికి పులిసిన వాసన వస్తుంది, పెరిగిన బాక్టీరియా మీ ఎర్రకణాలను పగలగొడుతుంది. నురగ వచ్చేలా ఊపడం కూడా తప్పే, నురగలో చిక్కిన ప్రొటీన్ విప్పుకుపోతుంది.

పొద్దున పలచటి గుడ్డలో వడకట్టి, 3,000 ఆర్‌పీఎం దగ్గర 15 నిమిషాలు తిప్పి, పైన తేరిన ద్రవాన్ని నంబర్ 1 ఫిల్టర్ కాగితం గుండా పోయండి. లేత పసుపు రంగులో 30 మి.లీ. దాకా వస్తుంది. ఇదే మీ సారం. ఇందులోంచి 1 మి.లీ. విడిగా తీసి మరుగుతున్న నీళ్లలో 10 నిమిషాలు పెట్టి, తిప్పి, పై ద్రవం దాచండి. ఇది కంట్రోల్, అంటే పోల్చి చూసుకోవడానికి. ఉడికిన సారానికి పట్టే గుణం పోవాలి. ఉలవచారు తాగిన వాళ్లలో ఎ గ్రూపు వాళ్ల ఎర్రకణాలు గుత్తి కట్టకపోవడానికి ఇదీ ఒక కారణమే.

కణాలు కడగడం

1 మి.లీ. రక్తానికి 10 మి.లీ. సెలైన్ పోసి, 1,500 ఆర్‌పీఎం దగ్గర 5 నిమిషాలు తిప్పి, పై ద్రవంతో పాటు ఎర్రకణాల మీద పొరలా పరుచుకున్న తెల్లకణాలనూ పిప్పెట్‌తో లాగేయండి. ఇలా మూడుసార్లు. మూడోసారి పై నీరు స్వచ్ఛంగా ఉండాలి. గులాబీ రంగుంటే కణాలు పగులుతున్నట్టు, ఆ ట్యూబు పక్కన పెట్టేయండి.

కడగడం వట్టి శుభ్రత కోసం కాదు. ప్లాస్మాలో కరిగి తిరిగే ఎ పదార్థం లెక్టిన్ గుంటలను ముందే నింపేస్తుంది. ఇక ట్యూబులోని ఈడీటీఏ కాల్షియాన్ని లాగేసుకుంటుంది. చిక్కుడు జాతి లెక్టిన్లు తమ కాల్షియాన్ని బాగా లోపల దాచుకుంటాయి కాబట్టి కాస్త తట్టుకుంటాయి. కాలేయపు రిసెప్టర్ అలా కాదు. అందులో కాల్షియం అయానే నేరుగా చక్కెర పక్కపక్క హైడ్రాక్సిళ్లు రెండింటిని పట్టుకుంటుంది. ఈడీటీఏ పోస్తే చక్కెరను వదిలేస్తుంది.

1 మి.లీ. రక్తంలోంచి సుమారు 0.4 మి.లీ. ముద్ద కణాలు మిగులుతాయి. దానికి సెలైన్ కలిపి 20 మి.లీ. చేస్తే 2 శాతం ద్రావణం. ఆ రోజే వాడేయండి. వాడే ముందు ప్రతిసారీ ట్యూబును నెమ్మదిగా తలకిందులు చేయాలి, కణాలు ఊరికే అడుక్కు దిగిపోతుంటాయి.

టైటర్ చూడటం

ప్లేటులో ఒక్కో గ్రూపుకు ఒక్కో వరస. 1 నుంచి 11 దాకా ప్లేటు గుంటల్లో 50 మైక్రోలీటర్ల సెలైన్. మొదటి గుంటలో 50 మైక్రోలీటర్ల సారం వేసి, ఐదారుసార్లు పిప్పెట్‌తో లాగి వదిలి, అందులోంచి 50 రెండో దాంట్లోకి, అలా 10 దాకా. పదో గుంటలోంచి తీసిన 50 పారేయండి. ఇప్పుడు మొదటిది 1:2, పదోది 1:1024. పదకొండోది వట్టి సెలైన్. పన్నెండో గుంటలో ఉడికించిన సారం 25, సెలైన్ 25. అన్నిటికీ 50 మైక్రోలీటర్ల 2 శాతం కణాలు వేసి, ప్లేటును ఒక్కసారి మెల్లగా తట్టి, మూతేసి, గంటసేపు కదపకుండా వదిలేయండి. ఫ్యాన్ ఆపేయండి, గాలికి అంచులు ఎండితే లేని గుత్తులు కనిపిస్తాయి.

చదవడం ఇలా. పట్టు కుదరని గుంటలో కణాలన్నీ జారి నడుమ చిన్న ఎర్ర బొత్తాంలా కూర్చుంటాయి. పట్టు కుదిరిన గుంటలో అడుగంతా పలచటి తివాచీ పరిచినట్టు ఉంటుంది. అనుమానం వస్తే ప్లేటును కొంచెం వంచండి. బొత్తాం కన్నీటి చారలా కిందికి కారుతుంది, తివాచీ కదలదు. తివాచీ కనిపించిన ఆఖరి గుంట పలచనే టైటర్. పదకొండు, పన్నెండు గుంటల్లో బొత్తాం రావాలి. అక్కడ తివాచీ ఉంటే మిగతా ఏ గుంటనూ నమ్మొద్దు.

పలచన చేస్తేనే గుర్తింపు

మొదటిసారి చేసినవాళ్లు నిరాశపడే చోటు ఇది. చిక్కటి సారం ఎ1 నే కాదు, బి ని, ఓ ని కూడా పట్టుకోవచ్చు. సారం చెడిపోయిందని పారబోయకండి. ఎ1 టైటర్ 256, బి ది 8, ఓ ది 4 వచ్చాయనుకుందాం. సారాన్ని 1:16 చేయండి. ఎ1 ఇంకా గట్టిగా గుత్తి కడుతుంది, బి, ఓ రెండూ బొత్తాంలే. ఎ2 కణాలను కూడా వదిలేసేదాకా ఇంకా పలచన చేస్తే మీ చేతిలో ఉన్నది యాంటీ-ఎ1 రియేజెంట్. బ్లడ్ బ్యాంకు రియేజెంట్ వెనకున్న కిటుకూ ఇదే.

ఎ2 కణాలు దొరికితే విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎ2 మీద కూడా కొస చక్కెర అదే. కానీ ఎ1 కణం మీద ఆ నిర్మాణాలు సుమారు 10 లక్షలుంటే, ఎ2 మీద సుమారు రెండున్నర లక్షలే. గొలుసుల రకంలోనూ కొంత తేడా ఉంది. తగినంత పలచన చేసిన సారం ఎ1 ను పట్టి ఎ2 ను వదిలేస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తం ఎ గ్రూపే అయినా బలహీనంగా పట్టడానికి కారణం కూడా ఎ నిర్మాణాలు ఇంకా పలచగా ఉండటమే.

అంటే గుర్తింపు ప్రొటీన్ గుంట ఆకారంలో సగమే ఉంది. మిగతా సగం ఎన్ని చక్కెరలున్నాయన్న సంఖ్యలో ఉంది. ఒక చక్కెర, ఒక గుంట మధ్య పట్టు చాలా బలహీనం, చిటికెలో వదిలేస్తుంది. అలాంటివి నాలుగైదు ఒకేసారి పడితే అన్నీ ఒకే క్షణంలో వదలడం అరుదు కాబట్టి కణం నిలిచిపోతుంది. కాలేయపు రిసెప్టర్‌కు ఒక్క గెలాక్టోజ్ ఇస్తే పట్టు మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది, సరైన ఎడంలో మూడింటిని కట్టి ఇస్తే నానోమోలార్‌కు చేరుతుంది (ఈ గాఢత ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది). మూడు ఎన్-అసిటైల్ గెలాక్టోసమైన్లు తగిలించిన మందును కాలేయానికే పంపే ఉపాయం దీని మీదే నిలబడింది. 2019లో అమెరికాలో అనుమతి పొందిన గివోసిరాన్ అలాంటిదే.

చక్కెరతో అడ్డుకోవడం

గుత్తి కట్టింది కాబట్టి చక్కెరనే పట్టుకుందని చెప్పేయలేం. విడి చక్కెర పోస్తే వదిలేయాలి, అదీ రుజువు. ఎన్-అసిటైల్ గెలాక్టోసమైన్ ఖరీదైనది, 1 మి.లీ.కి మించి కలపకండి. 44 మిల్లీగ్రాములు 1 మి.లీ. సెలైన్‌లో కరిగిస్తే 200 మిల్లీమోలార్. గెలాక్టోజ్, గ్లూకోజ్, మానోజ్ ఒక్కోటి 36 మిల్లీగ్రాములు. నీళ్లలో కాదు, సెలైన్‌లోనే కరిగించాలి, లేకపోతే కణాలు ఉబ్బి పగులుతాయి.

లెక్టిన్ 4 యూనిట్లు వాడాలి. టైటర్ పలచన దగ్గర 50 మైక్రోలీటర్లలో ఉండేది ఒక యూనిట్. టైటర్ 256 అయితే 50 మైక్రోలీటర్లలో 4 యూనిట్లుండేది 1:64 పలచన. మనం 25 మైక్రోలీటర్లే వేస్తాం కాబట్టి 1:32 చేసుకోండి. ఈ లెక్క తప్పి చిక్కగా వేస్తే ఏ చక్కెరా ఆపలేదు, పలచగా వేస్తే అన్నీ ఆపినట్టే కనిపిస్తుంది.

మొదటి గుంటలో చక్కెర 50, రెండు నుంచి పది దాకా సెలైన్ 25. మొదటి దాంట్లోంచి 25 తీసి రెండో దాంట్లోకి, అలా పది దాకా, చివరి 25 పారేయండి. ప్రతిదానికీ లెక్టిన్ 25 వేసి అరగంట ఆగండి. తర్వాతే ఎ1 కణాలు 50. కణాలు ముందు వేస్తే గుత్తి కట్టాక విడదీయడం కష్టం. ఇంకో గంటకు చదవండి. మొదటి గుంటలో చక్కెర చివరి గాఢత 50 మిల్లీమోలార్, రెండో దాంట్లో 25, ఐదో దాంట్లో 3.1. బొత్తాం కనిపించిన ఆఖరి గుంట గాఢతే ఆ చక్కెర కనీస నిరోధక గాఢత. ఎన్-అసిటైల్ గెలాక్టోసమైన్ చాలా దూరం ఆపుతుంది. గెలాక్టోజ్ ఆపితే మొదటి ఒకటి రెండు గుంటల్లోనే. గ్లూకోజ్, మానోజ్ అసలు ఆపకూడదు. అవీ ఆపాయంటే లెక్టిన్ 4 యూనిట్ల కంటే తక్కువ పడింది.

చక్కెర కొనలేకపోతే ఉమ్ము

ఎ గ్రూపు వాళ్లలో చాలామంది ఉమ్ములో ఎ పదార్థం కరిగి ఉంటుంది. వాళ్లను సెక్రీటర్లు అంటారు, ఎఫ్‌యూటీ2 జన్యువు పనిచేసేవాళ్లన్నమాట. నోరు నీళ్లతో పుక్కిలించి 2 మి.లీ. ఉమ్ము ట్యూబులోకి తీసుకుని, మరిగే నీళ్లలో 10 నిమిషాలు పెట్టి, చల్లార్చి, 3,000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు తిప్పండి. పై ద్రవాన్ని చక్కెర బదులు పై పద్ధతిలోనే వాడండి. ఎ సెక్రీటర్ ఉమ్ము గుత్తిని ఆపుతుంది, ఓ గ్రూపు వాళ్లది ఆపదు. ఎ గ్రూపై ఉండీ ఆపకపోతే ఆ మనిషి నాన్-సెక్రీటర్ కావచ్చు, తప్పేం లేదు.

ఇక్కడ విద్యార్థులను ఒక ప్రశ్న అడగండి. ఉడికించిన సారం పట్టు పోగొట్టుకుంది, ఉడికించిన ఉమ్ము మాత్రం ఇంకా ఆపుతోంది, ఎందుకు? వేడికి విప్పుకుపోయేది గుంట ఉన్న ప్రొటీన్. చక్కెర గొలుసుకు మరిగే నీళ్లు ఒక లెక్క కాదు. ఉమ్మును ఉడికించింది కూడా అందులోని ఎంజైములను చంపడానికే.

దాచడం

సారం ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఆగుతుంది. ఆ తర్వాత మబ్బు కడితే పారేయండి. ఎక్కువ కాలానికి 0.5 మి.లీ. చొప్పున చిన్న గొట్టాల్లో మైనస్ 20 దగ్గర పెట్టండి. విద్యార్థులు తిరిగే ల్యాబ్‌లో సోడియం అజైడ్ కలపడం నాకు నచ్చదు. అది విషం, పైగా లోహపు పైపుల్లోకి పోస్తే పేలే పదార్థం తయారవుతుంది. గొట్టం మీద తేదీ, టైటర్, పలచన రాయండి. బయటకు తీసిన ప్రతిసారీ ఎ1, బి, ఓ కణాలతో టైటర్ మళ్లీ చూశాకే వాడండి. ఒకసారి కరిగిన గొట్టాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టకండి.